మేడమీద ఆదరణ కూడిక

మా కూడికలో ఎవరి తాలూకు మనిషి పోయినా జీవిత చరిత్ర రాసే పని నాదే. స్కూల్లో ఫ్రంట్ ఆఫీసు ఉద్యోగం చేస్తాను కాబట్టి నాకు రాయడం వచ్చని మావాళ్ళ నమ్మకం. నేనక్కడ రాసేది గేటు పాసులు. ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను. మా గోదావరి, కృష్ణా జిల్లాల క్రైస్తవుల్లో ఎవరైనా పోతే కొన్నాళ్ళకు ఆదరణ కూడిక పెడతారు. ఫోటో పెట్టి, పాటలు పాడి, ప్రార్థన చేసి, పోయినవారి జీవిత చరిత్ర చదివి, వచ్చినవాళ్ళకు భోజనం పెడతారు. ఖతార్‌లో ఉన్నవాళ్ళకు ఇంటికెళ్ళడానికి అన్నిసార్లూ సెలవు దొరకదు. తండ్రి పోయాడని ఫోనొచ్చినా మర్నాడు డ్యూటీకి వెళ్ళినవాళ్ళను చూశాను. అలాంటివాళ్ళ కోసం ఇక్కడే, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఎవరో ఒకరింట్లో, శుక్రవారం పూట ఆ కూడిక జరుపుకుంటాం.

చచ్చినవారి కళ్ళు చారెడు అంటారు. నేను రాసినవాళ్ళంతా మృదుస్వభావులు, అతిథిప్రియులు, సంఘ సేవలో ముందుండేవారు. ఊళ్ళో సగం మందిని కోర్టు మెట్లెక్కించిన ఒకాయన్ని కూడా మృదుస్వభావి అనే రాశాను. చదువుతుంటే ఆయన కూతురు ఏడ్చింది, వాళ్ళ ఊరివాళ్ళు దగ్గారు. ఏం చేస్తాం, అచ్చు అలా పడిపోయింది. పుట్టుక, బాప్తిస్మం, చదువు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, జబ్బు, ప్రభువు పిలుపు. పేర్లు మారతాయంతే.

మేముండేది ఒక పెద్ద విల్లా. యజమాని దాన్ని ముక్కలు చేసి అద్దెకిచ్చాడు. కింద ఒక భాగంలో మేము. పక్క భాగంలో మా కూడికకు పెద్దదిక్కయిన కోనసీమ అక్క. వయసులో ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా ఆవిడను అక్క అనే పిలుస్తారు. వెనక భాగంలో నిజామాబాద్ నుంచి వచ్చిన డ్రైవర్ భాయ్ కుటుంబం. మేడమీద ఒక్కతే కెనడా టీచరుగారు.

టీచరుగారు మా స్కూల్లోనే చిన్నపిల్లలకు పాఠాలు చెప్తుంది. అరవై దాటాయి. స్కూలువాళ్ళిచ్చిన మంచి ఫ్లాటు వదులుకుని ఈ సందులోకి ఎందుకొచ్చావంటే, అక్కడ లిఫ్టులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు అంది. ఇక్కడ ఆ బాధ లేదు. ఆవిడ ఏం కొన్నదీ, ఏం మాడ్చిందీ విల్లా మొత్తానికి తెలుసు. బ్రెడ్డు మీద గోంగూర పచ్చడి రాసుకుని తినే మనిషి. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఆపదు. అందుకే అక్కకు ఆవిడంటే ప్రాణం.

ఆ నవంబరులో ఒక మధ్యాహ్నం అక్క పచ్చడి గిన్నె పట్టుకుని మేడెక్కింది. తలుపు తీసిన టీచరుగారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లోపల బల్ల మీద మిలిటరీ బట్టల్లో ఉన్న ఒక కుర్రవాడి ఫోటో, ముందు వెలుగుతున్న కొవ్వొత్తి, పక్కన ఎర్ర కాగితం పువ్వు. మావాళ్ళకు ఇంతకంటే ఏం చెప్పాలి? గుమ్మంలో నిలబడి ఎవరు, ఎప్పుడు, ఎలా అని అడగడం మాకు మర్యాద కాదు. అవన్నీ కూడికలో కూర్చున్నాక అడుగుతాం. అక్క గిన్నె కింద పెట్టి, టీచరుగారిని కావలించుకుని, తనకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో ఫ్రైడే, ప్రేయర్, ఫుడ్, అప్‌స్టెయిర్స్ అని చెప్పింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని థాంక్యూ అంది. కార్యక్రమం ఖాయమైపోయింది.

నేను స్కూలు నుంచి వచ్చేసరికి వాట్సాప్ గ్రూపులో అక్క గొంతు మోగుతోంది. "మన మేడమీద టీచరమ్మగారి అబ్బాయంట, మిలిటరీలో ఉండేవోడు, ప్రభువు దగ్గరికెళ్ళిపోయాడు. పాపం ఆ తల్లి ఒక్కత్తే ఉంది. శుక్రవారం ఆదరణ కూడిక. అందరూ తెల్లబట్టలేసుకుని రండి. భోజనాల సంగతి నేను చూసుకుంటాను." కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి.

టీచరుగారికి పెళ్ళే కాలేదని నాకు తెలుసు. తెల్లవాళ్ళ సంగతి మనకెందుకులే అని ఊరుకున్నాను.

గురువారం సాయంత్రం కాగితం, పెన్ను పట్టుకుని మేడెక్కాను. మేము మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే. మా పద్ధతి ఇదీ, రేపు అతని జీవితం చదవాలి, వివరాలు కావాలి అని మెల్లగా చెప్పాను. ఆవిడ ముఖం విప్పారింది. "చదువుతారా? అందరి ముందూ?" అంది. ఎదిగిన కొడుకు పోయిన తల్లి ఇంత సంతోషపడుతుందేమిటా అనుకుంటూ, పుట్టిన సంవత్సరం అడిగాను.

ఆవిడ చెప్పిన సంవత్సరం మా తాతయ్య పుట్టకముందుది.

ఫోటో దగ్గరికెళ్ళి చూశాను. గోధుమ రంగుకు తిరిగిన పాత అట్ట, అంచులు అరిగిపోయి ఉన్నాయి. ఆ కుర్రవాడు వాళ్ళమ్మమ్మకు అన్న. మొదటి ప్రపంచ యుద్ధానికని బయలుదేరి, ఇరవై నిండీ నిండకుండా పోయాడు. ఏటా నవంబరులో యుద్ధంలో పోయినవాళ్ళను తలుచుకోవడం వాళ్ళ దేశంలో ఆచారమట. ఎర్ర పువ్వు అందుకే. కళ్ళెర్రబడింది మాత్రం దుఃఖంతో కాదు, జలుబుతో.

ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఏదో చెప్పి కిందికి దిగి నేరుగా అక్క వంటింట్లోకి నడిచాను. పెద్ద గిన్నె నిండా చికెన్, పెరుగు, మసాలా. అక్క మోచేతుల దాకా అందులోనే ఉంది.

"అక్కా, ఆ అబ్బాయి పోయి వందేళ్ళు దాటిందట."

అక్క చెయ్యి ఆగింది. "మరి ఫోటో?"

"పాత ఫోటో."

"ఇప్పుడు పెళ్ళి ఫోటోలు కూడా కావాలని అలాగే తీయించుకుంటున్నారు కదే, నాకేం తెలుసు?" అని నా మీదే విసుక్కుంది. తప్పు తనదైనప్పుడు అక్క ఎప్పుడూ ముందు నన్నే విసుక్కుంటుంది. కూడిక మానేద్దామా అన్నాను. ఇంతలో వెనక గుమ్మంలోంచి భాయ్ తల పెట్టాడు. బిర్యానీ వండేది ఆయనే. "అక్కా, దేగ్ తెచ్చిన, బియ్యం తెచ్చిన. గిప్పుడు దావత్ మాఫీ అంటే ఎట్ల?"

అక్క చికెన్ వంక చూసింది, నా వంక చూసింది. "వందేళ్ళ కిందట పోతే మాత్రం పోయినట్టు కాదా? ఆవిడకు ఎవరైనా ఆదరణ కూడిక పెట్టారా? పెట్టలేదు. మనం పెడతాం" అంది. "వాళ్ళమ్మమ్మకు అన్నంటే మనకు తాతయ్య వరస. తాతయ్యగారు అని రాయి."

ఆ మనిషితో వాదించి గెలిచినవాళ్ళను నేనింతవరకు చూడలేదు.

మళ్ళీ మేడెక్కాను. ఈసారి నిజం చెప్పేశాను. మావాళ్ళు అతన్ని మీ కొడుకనుకున్నారు, నిన్నో మొన్నో పోయాడనుకున్నారు, చికెన్ నానబెట్టేశారు అని. టీచరుగారు కుర్చీలో వెనక్కి వాలి, తుమ్ముతూ దగ్గుతూ నవ్వింది. నవ్వి నవ్వి, "నాకు కొడుకుంటే ఇలాగే ఉండేవాడేమో" అంది. టీ పెట్టింది. మా అచ్చు ప్రకారం ఒక్కొక్కటే అడుగుతూ పోయాను.

బాప్తిస్మం ఉంది. చదువు కొద్దిగా ఉంది. ఉద్యోగం, అంటే, తండ్రి గోధుమ పొలంలో పని. పెళ్ళి లేదు. పిల్లలు లేరు. సంఘ సేవ ఏమైనా చేశాడా అంటే, చర్చిలో గొంతు చించుకుని అపశ్రుతిలో పాడేవాడని, వాళ్ళమ్మ మోచేత్తో పొడిచేదని చెప్పింది. నా అచ్చు సగం ఖాళీగా మిగిలింది. ఇంత చిన్న జీవితం నేనెప్పుడూ రాయలేదు.

"పోనీ ఇంకేమైనా గుర్తుందా?" అన్నాను.

ఉంది. వాళ్ళ ఊళ్ళో చలికాలం వేళ్ళు కొరుక్కుపోయేంత చలి. బడి చాలా దూరం. బయలుదేరేముందు ఆ కుర్రవాడు పొయ్యిలో కాల్చిన బంగాళాదుంపలు రెండు తీసి చెల్లెలి కోటు జేబుల్లో పెట్టేవాడట. దారంతా వాటిమీద చేతులు వెచ్చబెట్టుకోవాలి, మధ్యాహ్నం అవే తినాలి. ఆ చెల్లెలే టీచరుగారి అమ్మమ్మ. ముసలితనంలో కూడా కోటు వేసుకోగానే జేబుల్లో చేతులు పెట్టి చూసుకునేదట. అది వింటుంటే నాకు ఆ అబ్బాయి మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. బంగాళాదుంపలు మా అచ్చులో ఏ కాలమ్‌లోనూ పట్టవు. అయినా రాశాను.

"ఎలా పోయాడు?" అన్నాను.

ఆవిడ కప్పు కింద పెట్టింది. "యుద్ధంలో పోయాడు అని రాయి చాలు. మా ఇంట్లో అలాగే చెప్తాం."

రాశాను. కోర్టు పక్షిని మృదుస్వభావి చేసిన చెయ్యి ఇది, దానికేం అభ్యంతరం? కానీ ఆవిడే ఉండబట్టలేక అసలు సంగతి చెప్పింది. ఆ అబ్బాయి యుద్ధం చూడనేలేదు. ఊరి కుర్రవాళ్ళంతా కలిసి పేర్లిచ్చి, కలిసి ఓడెక్కి, ఇంగ్లండులో ఒక శిక్షణ క్యాంపులో దిగారు. అక్కడ అతనికి పొంగు పోసింది. చిన్నపిల్లలకు పోసే పొంగు, అదే తట్టు. ఆ తర్వాత ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. అతను ఆసుపత్రిలో ఉండగానే పటాలం యుద్ధానికి కదిలింది. వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. ఊళ్ళో ఆ తల్లులంతా చర్చిలో ముందు వరుసలో కూర్చుంటే, నా కొడుకు పొంగు పోసి పోయాడని చెప్పడానికి వాళ్ళ ముత్తవ్వకు, అంటే ఆ అబ్బాయి తల్లికి, నోరు రాలేదు. యుద్ధంలో పోయాడు అంది. ఆ మాటే ఇంట్లో స్థిరపడిపోయింది. ఇక ఎవరూ ఏమీ అడగడానికి లేకపోయింది.

"అమ్మమ్మకు ఒక్కటే బెంగ" అంది టీచరుగారు. "అందరూ తనను వదిలేసి వెళ్ళిపోయారని వాడికి తెలిసిందా అని. ఆ ఖాళీ మంచాల మధ్య అది తెలిసే పోయాడా అని. చచ్చిపోయే ముందు కూడా నన్నే అడిగింది. నాకేం తెలుసు? నా తర్వాత ఇంకెవరూ లేరు. వచ్చే వేసవికి రిటైరై వెళ్ళిపోతాను. ఈ ప్రశ్న నాతోనే పోతుంది."

 టీ చల్లారిపోయినా తాగేశాను.

శుక్రవారం డాబా మీద ప్లాస్టిక్ కుర్చీలు వేశాం. గాలి చల్లగా, హాయిగా ఉంది. తెల్లబట్టల్లో మావాళ్ళు ఒక్కొక్కరే మెట్లెక్కి వచ్చి, టీచరుగారి చేతులు పట్టుకుని, ఫోటో ముందు తల వంచారు. వందేళ్ళ సంగతి అప్పటికే అందరికీ తెలుసు. ఒక్కరూ మానలేదు. బిర్యానీ భాయ్‌దని కూడా అందరికీ తెలుసు, అదీ నిజమే. వాక్యం చెప్పాల్సిన సోదరుడు దూరాన దుఖాన్ ఊళ్ళో డ్యూటీ దిగి రావాలి, ఆలస్యమవుతుందన్నాడు. అక్క పగ్గాలు అందుకుంది. పాట అయింది, ప్రార్థన అయింది. నేను లేచి చదవడం మొదలుపెట్టాను.

"ఈ తాతయ్యగారు ఒక రైతు దంపతులకు పెద్ద కుమారునిగా జన్మించారు" అనగానే అందరూ మీసం కూడా సరిగ్గా రాని ఆ ఫోటో వంక చూశారు. వెనక వరుసలో ఎవరో నవ్వాపుకున్నారు. బంగాళాదుంపల దగ్గరికొచ్చేసరికి ఆ నవ్వు పోయింది. ఒకామె పక్కనున్న తన కొడుకు తల నిమిరింది. నేను చదువుతూ ముక్కముక్కకూ ఇంగ్లీషులో టీచరుగారికి చెప్తున్నాను. చివరికి వచ్చాను. "యుద్ధంలో ప్రభువు పిలుపు అందుకున్నారు."

"యుద్ధంలో అంటే?" అంది అక్క కూర్చున్నచోటు నుంచే. "గుండు తగిలిందా?"

మాలో అది తప్పు కాదు. ఎలా పోయారు, దగ్గరెవరున్నారు, చివరికి ఏం తిన్నారు, ఏం మాట్లాడారు. ఇవి అడక్కపోతే పలకరించినట్టే కాదు. అయినా "అక్కా, ఊరుకో" అన్నాను.

"ఏమంటోంది?" అంది టీచరుగారు.

ఏదో ఒకటి చెప్పి దాటేసి ఉండొచ్చు. ఆవిడ ముఖం చూస్తే అబద్ధం రాలేదు. "ఎలా పోయాడని అడుగుతోంది."

ఆవిడ ఫోటో వంక చూసింది.  "నిజమే చెప్పు" అంది.

చెప్పాను. పొంగు పోసిందనీ, నెమ్ము చేరిందనీ, యుద్ధానికి వెళ్ళకుండానే పోయాడనీ. ఎవరైనా చులకన చేస్తారేమోనని నేను నలుగురి ముఖాలూ చూస్తూనే ఉన్నాను. గట్టు తెగినట్టు అందరూ ఒక్కసారి మాట్లాడారు.

"అయ్యో, ఎదిగాక పొంగు పోస్తే తట్టుకోలేరండీ."

"మా మేనమామా అలాగే పోయాడు."

"ఆ దేశంలో పక్కలో వేపాకు వేసే దిక్కేది?"

"గంజైనా తాగాడా తల్లీ?"

"ఆ చలిలో దుప్పటి సరిగ్గా కప్పారో లేదో."

నేను ఒక్కొక్కటే ఇంగ్లీషులోకి తిప్పుతూ పోయాను. టీచరుగారు తెలిసినవాటికి జవాబు చెప్పింది. తెలియనివాటికి తెలియదంది. ఎవరూ అడగని ప్రశ్నలు వందేళ్ళవి ఒక్క పూటలో ఆవిడ మీద పడ్డాయి. ఆవిడ బిత్తరపోలేదు. కుర్చీ అంచుకు జరిగి, ఇంకా అడగండి అన్నట్టు కూర్చుంది.

"దగ్గరెవరున్నారు?" అంది అక్క.

టీచరుగారు గొంతు సవరించుకుంది. పటాలం బయలుదేరే ముందురోజు ఊరి నేస్తం ఒకడు చూడ్డానికి వచ్చాడట. జ్వరంలోనే ఈ అబ్బాయి, "మనం ఎప్పుడు వెళ్తున్నాం?" అని అడిగాడు. నేస్తం నర్సు వంక చూశాడు. పక్కనున్న నర్సు, "అందరూ కలిసే వెళ్తారు, నీ కోసమే ఆగారు" అంది. నేస్తం వెళ్ళిపోయాడు. యుద్ధమయ్యాక ఊరికొచ్చి ఈ మాట చెల్లెలికి చెప్పాడు. ఆ తర్వాత ఏమైందో ఎవరికీ తెలియదు. "మా అమ్మమ్మ జీవితమంతా అడిగింది ఇదే. వాడు ఆ మాట నమ్మాడా, లేదా?"

ఇది నేను తెలుగులో చెప్పాను. కింద భాయ్ బిర్యానీ దేగ్ మూత తీసి మళ్ళీ పెట్టిన చప్పుడు వినిపించింది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రెండో వరుసలో వక్రా నుంచి మెట్రోలో వచ్చిన నర్సమ్మాయి ఉంది. కృష్ణా జిల్లా పిల్ల. డ్యూటీ దిగి నిద్రపోకుండా వచ్చేసింది. మా కూడికల్లో ఎప్పుడూ నోరు విప్పదు. ఆ అమ్మాయి లేచి వచ్చి టీచరుగారి కుర్చీ పక్కన నేలమీద కూర్చుని, నా అవసరం లేకుండా ఇంగ్లీషులోనే మాట్లాడింది.

"నమ్మే ఉంటాడు, మేడమ్."

"నీకెలా తెలుసు?"

"మేమూ అలాగే చెప్తాం కాబట్టి. మా వార్డుకు లేబర్ క్యాంపుల నుంచి కుర్రాళ్ళొస్తారు. ఇక లాభం లేదని మాకు తెలిసిపోతుంది. ఇంటికి ఎప్పుడు పంపిస్తారని అడుగుతారు. టికెట్ అయింది, రేపే ఫ్లైట్ అని చెప్తాం. అందరం చెప్తాం. ఎవరూ మాకు నేర్పలేదు."

టీచరుగారు ముందుకు వంగి అడిగింది. "వాళ్ళేం అంటారు?"

"నవ్వుతారు. బట్టలు సర్దమంటారు. ఒకతను చెప్పులు మంచం దగ్గరికి జరపమన్నాడు, జరిపాను. జ్వరంలో ఉన్నవాళ్ళకు చుట్టూ ఎన్ని మంచాలున్నాయో తెలియదు మేడమ్. మన గొంతు ఒక్కటే తెలుస్తుంది." ఆ అమ్మాయి కళ్ళు నిండాయి. "ఆ నర్సు కూడా ఒక్కసారి చెప్పి వెళ్ళిపోయి ఉండదు. అతను అడిగినప్పుడల్లా చెప్పి ఉంటుంది. చివరిదాకా చెప్తూనే ఉంటాం."

టీచరుగారు ఆ అమ్మాయి రెండు చేతులూ తన ఒళ్ళోకి తీసుకుంది. ఇంత వయసొచ్చిన మనిషి అలా వెక్కివెక్కి ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. అక్క లేవబోతే నేను ఆపాను. కాసేపటికి ఆవిడ తల ఎత్తింది. మావైపు కాదు, ఫోటో వైపు కూడా కాదు, పక్కన ఎవరూ లేని కుర్చీ వైపు తిరిగి, మెల్లగా ఇంగ్లీషులో ఒక మాట అంది. నన్నెవరూ అడగలేదు గానీ దాన్నీ తెలుగులో చెప్పాను.

"నమ్మాడట, అమ్మమ్మా."